తొమ్మిది గుడ్లకు ఒక్క తల్లి: బడ్జీ పిల్లల దత్తుపై పాఠకుల ప్రశ్నలు

మన ఊళ్లలో అందరూ లవ్ బర్డ్స్ అని పిలిచే బడ్జెరిగార్ చిలుకల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఐదు దాదాపు ఒకే విషయాన్ని అడిగాయి. పెట్ట ఎక్కువ గుడ్లు పెట్టి ఎక్కువ పిల్లలను లేపినప్పుడు కొన్నిటిని వేరే జంట గూట్లోకి మార్చి బతికించుకోవడం ఎలా అన్నదే ఆ విషయం. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికాకు చెందిన వేరే జాతి చిలుకలు, ఇవి ఆస్ట్రేలియావి. అందుకని ఈ జవాబులలో వీటిని బడ్జీలు అనే రాస్తున్నాను. కోడి కింద బాతుగుడ్లు పొదిగించడం మన పల్లెల్లో పెద్దలకు తెలిసిన పద్ధతే కాబట్టి, పరాయి పిల్లను సాకించడం మనకు కొత్త ఆలోచన కాదు. అయితే కోడి తన పిల్లలకు మేత చూపిస్తుంది, బడ్జీ తల్లి మాత్రం మేతను నోట్లో పెట్టాలి. తేడా అంతా అక్కడే ఉంది.

ప్రశ్న: నా దగ్గర రెండు జంటలున్నాయి. మొదటి జంటలోని పెట్ట తొమ్మిది గుడ్లు పెట్టి ఏడు పిల్లలను లేపింది. చివర పుట్టిన రెండు పిల్లలు నాలుగైదు రోజులు తిరగకుండానే చనిపోయాయి, పెద్దవి మాత్రం బొద్దుగా ఉన్నాయి. తల్లి సరిగా మేపకపోవడమే కారణమా? రెండో జంట గూట్లో రెండు పిల్లలే ఉన్నాయి. ఇలాంటప్పుడు కొన్నిటిని అక్కడికి మార్చవచ్చా? మార్చవలసి వస్తే ఏ పిల్లను మార్చాలి? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: తల్లిని తప్పుపట్టకండి. బడ్జీ పెట్ట రోజు విడిచి రోజు ఒక్కో గుడ్డు పెడుతుంది, చాలా పెట్టలు మొదటి గుడ్డు నుంచో రెండో గుడ్డు నుంచో పొదగడం మొదలుపెడతాయి. ఒక్కో గుడ్డుకు సుమారు 18 రోజుల పొదుగు పడుతుంది. ఈ లెక్కన తొమ్మిది గుడ్ల విడతలో మొదటి పిల్లకూ చివరి పిల్లకూ మధ్య రెండు వారాలకు పైగా తేడా వస్తుంది. పుట్టినప్పుడు పిల్ల బరువు దాదాపు 2 గ్రాములే. దాని కళ్లు మూసుకునే ఉంటాయి, ఒంటిమీద నూగు కూడా సరిగా ఉండదు, తల నిలపడానికే శక్తి చాలదు. అదే గూట్లో దాని అన్నకు కళ్లు పూర్తిగా తెరుచుకుని, రెక్కల మీద ముళ్లలా ఈకల మొనలు పొడుచుకు వచ్చి, మెడ చాచి మేత లాక్కునే వయసు వచ్చి ఉంటుంది. ఆ బరువు కింద చిన్నది నలిగిపోతుంది, లేదా తల్లి ముక్కు దాని దాకా చేరదు. ఆస్ట్రేలియా నడిగడ్డలో వానలు కురిసి గడ్డి గింజ పట్టినప్పుడే ఈ పక్షులు చెట్ల తొర్రల్లో గుంపులుగా గుడ్లు పెడతాయి. గింజ పుష్కలంగా ఉంటే అన్ని పిల్లలూ బతుకుతాయి, తక్కువైతే ముందు పుట్టినవైనా దక్కుతాయి. ఆ స్వభావమే మీ గూట్లోనూ కనిపించింది. కాకపోతే మీ దగ్గర గింజకు కొరత లేదు, చోటుకే కొరత. దాన్ని తీర్చడానికే ఈ దత్తు పద్ధతి.

ఒక జంట సుఖంగా సాకగలిగేది నాలుగైదు పిల్లలను. మొదటిసారి పిల్లలు చేసిన జంటకైతే మూడు, నాలుగు చాలు. మీ రెండో జంట గూట్లో రెండే ఉన్నాయి కాబట్టి మరో రెండింటిని ధైర్యంగా ఇవ్వవచ్చు. ఇక ఏ పిల్లను మార్చాలన్న మీ ప్రశ్నలోనే చాలామంది పొరపడతారు. జాలితో చిన్నదాన్ని, నీరసంగా ఉన్నదాన్ని తీసుకెళ్లి కొత్త గూట్లో పెడతారు. నా సలహా దీనికి భిన్నంగా ఉంటుంది. పెద్ద గూటి నుంచి బలంగా ఉన్న పిల్లను తీయండి, చిన్నదాన్ని తన తల్లి దగ్గరే ఉంచండి. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

మొదటి కొన్ని రోజులు పెట్ట పిల్లకు గింజ పెట్టదు. తన జీర్ణాశయపు ముందుభాగంలో ఊరే చిక్కని ద్రవాన్ని పడుతుంది, పెంపకందారులు దీన్ని పాలు అనే అంటారు. అప్పుడే పుట్టిన పిల్ల వెల్లకిలా పడుకుని ఉంటే, తల్లి దాని ముక్కును తన ముక్కుతో పట్టుకుని ఆ పాలను మెల్లగా పంపుతుంది. రోజులు గడిచేకొద్దీ అందులో నానిన గింజ కలుస్తుంది, ఆ తరువాత అంతా గింజే అవుతుంది. పోతు చాలావరకు పెట్టకు మేత అందించి, పిల్లలు కాస్త ఎదిగిన తరువాత తానూ మేపడానికి దిగుతాడు. కాబట్టి దత్తు గూట్లోని తల్లి ఈ రోజు ఎలాంటి మేత పెడుతున్నదో, ఆ మేతకు తగిన వయసు పిల్లనే అక్కడ పెట్టాలి. పన్నెండు రోజుల పిల్లలున్న గూట్లో మూడు రోజుల పిల్లను పెడితే ఆ తల్లి దగ్గర దానికి కావలసిన పాలు సరిపడా ఉండకపోవచ్చు. పైగా ఒక గూట్లో నలుగుతున్న పిల్లను తీసుకెళ్లి మరో గూట్లో నలిగేలా చేసినవాళ్లమవుతాం. వయసులో తేడా మూడు, నాలుగు రోజులకు మించకూడదు, పరిమాణంలో అవి ఒకదానికొకటి జతగా కనిపించాలి. పాలు పడుతున్న పెట్ట గూట్లో అప్పుడే పుట్టిన పిల్లలు ఒకటి రెండే ఉంటే మాత్రం, మీ చిన్నపిల్లను నేరుగా అక్కడే పెట్టవచ్చు.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఎనిమిది పిల్లల గూట్లో అడుగున పడి ఉన్న నాలుగు రోజుల పిల్లను చూసి ఉండబట్టలేక, నా దగ్గర ఖాళీ ఉన్న ఒకే ఒక గూట్లో పెట్టాను. అక్కడున్న మూడు పిల్లలకూ రెండు వారాల వయసు. సాయంత్రం చూస్తే దాని మెడ కింది మేతసంచి చదునుగా, చర్మం ముడతలు పడి ఉంది. రాత్రికి ఏదో పెడుతుందిలే అనుకుని వదిలేశాను. తెల్లవారేసరికి ఆ మూడింటి కింద చల్లగా దొరికింది. ఆ సాయంత్రం దాన్ని తిరిగి తల్లి దగ్గర పెట్టి, అక్కడి పెద్దపిల్లలలో రెండింటిని ఈ గూటికి తెచ్చి ఉంటే ఆ చిన్నది బతికేది.

ఇక మార్చే పద్ధతి చూద్దాం. ఉదయం పూట మార్చండి, అప్పుడు పగలంతా గమనించే వీలు మీకుంటుంది. తన తల్లి కడుపునిండా మేపిన తరువాతనే పిల్లను తీయాలి. మేతసంచి నిండుగా ఉంటే కొత్త తల్లి అలవాటుపడే రెండు మూడు గంటలు అది తట్టుకోగలదు. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, అరచేతులు వెచ్చగా రుద్దుకున్న తరువాతే పిల్లను పట్టుకోవాలి, చల్లని చేతిలో ఆ చిన్న ఒళ్లు క్షణాల్లో చల్లబడుతుంది. దత్తు పెట్ట మేతకో నీళ్లకో బయటికి వచ్చిన సమయం చూసి, కొత్తపిల్లను ఆ గూటి పిల్లల మధ్యలో, వాటి ఒంటికి ఆనేలా పెట్టండి. కొందరు ఆ గూట్లోని పొట్టును కొద్దిగా పిల్ల వీపు మీద రాస్తారు. అది తప్పనిసరి కాదు, అలాగని నష్టమూ లేదు. బడ్జీ పెట్ట సాధారణంగా తన గూట్లో నోరు తెరిచిన పిల్లను తనదిగానే చూస్తుంది.

రెండు గంటల తరువాత ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మేతసంచిని చూడండి. పిల్ల చర్మం పలుచన కాబట్టి మెడ కింద గింజలు బయటికే కనిపిస్తాయి. నిండుగా ఉంటే అది కుదురుకున్నట్టే. సాయంత్రం నాలుగింటికి కూడా ఖాళీగా ఉంటే ఇక ఎదురుచూడకుండా దాన్ని పాత గూటికి చేర్చండి, ఒక పగలు దూరమైనంత మాత్రాన సొంత తల్లి దాన్ని కాదనదు. రెండు పిల్లలను ఇవ్వాలనుకుంటే ఒకదాన్ని ఈ రోజు, అది మేత తింటున్నదని తేలిన తరువాత రెండోదాన్ని రేపు మార్చడం నాకు నచ్చిన పద్ధతి. గూట్లో పిల్లల సంఖ్య పెరిగిన రోజునుంచే ఆ జంటకు మేత కూడా పెంచాలి. కొర్రలు, సామలు, సజ్జలతో పాటు నానబెట్టి మొలకెత్తించిన గింజలు, ఉడికించిన కోడిగుడ్డు, కొత్తిమీర, పాలకూర, సముద్రపు నురుగు (కటిల్ బోన్) ముక్క అందుబాటులో ఉంచండి. గుడ్డునూ మొలకలనూ రెండు మూడు గంటలకు మించి పంజరంలో వదలకండి, మన వేడికి అవి త్వరగా పాడవుతాయి.

మరో చిన్న విషయం. పిల్లను చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ పైముక్కు లోపలి వైపు చూడండి. అక్కడ మేత అంటుకుని ఎండి గట్టిపడితే ముక్కు వంకరగా పెరుగుతుంది. మొన మొద్దు చేసిన పుల్లతో, గోరువెచ్చని నీటి తడితో మెల్లగా తీసేయండి. కాలివేళ్ల చుట్టూ రెట్ట గడ్డకట్టినా ఇలాగే నానబెట్టి తీయాలి, ఎండినదాన్ని లాగితే గోరు ఊడి వస్తుంది.

ప్రశ్న: పిల్లలను అటూ ఇటూ మారిస్తే ఏది ఏ జంట బిడ్డో తరువాత ఎలా తెలుస్తుంది? తెలియక ఒకే తల్లి పిల్లలను జతకడతామేమోనని భయంగా ఉంది. (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: మీ భయం న్యాయమైనదే. గుర్తు లేకుండా దత్తు ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే మేలని కూడా కొందరు అంటారు, నేను అంత దూరం వెళ్లను కానీ నోటుపుస్తకం లేకుండా మాత్రం మార్చవద్దు.

అన్నిటికంటే సులువైన గుర్తు రంగే. రెండూ నీలి పక్షులైన జంటకు ఆకుపచ్చ పిల్ల పుట్టదు. కాబట్టి ఆకుపచ్చ జంట పిల్లను నీలి జంట గూట్లో పెడితే, ఈకలు వచ్చాక ఆకుపచ్చగా తేలినది దత్తుపిల్లేనని వెంటనే తెలుస్తుంది. దీన్ని తిరగేయకూడదు. ఆకుపచ్చ జంట తమలో నీలిరంగును దాచుకుని ఉండవచ్చు కాబట్టి, ఆ గూట్లో నీలిపిల్ల కనిపిస్తే అది పరాయిదేనని చెప్పలేం. ఎర్రకళ్ల పసుపు రకం పిల్లలను ఇంకా ముందే గుర్తించవచ్చు. కళ్లు తెరవకముందే, మామూలు పిల్లలకు రెప్పల కింద నల్లగా కనిపించే చోట వీటికి గులాబీ రంగు కనిపిస్తుంది. రంగులు కలిసిపోయే జంటలైతే మూసి ఉన్న కాలి రింగే శరణ్యం. పిల్లకు ఐదు నుంచి ఎనిమిది రోజుల వయసులో రింగు వేయాలి. ముందు రెండు వేళ్లను కలిపి రింగులోకి దూర్చి, వెనుక రెండు వేళ్లను కాలి వెంట ఆనించి రింగును పైకి జరిపి, ఆ తరువాత వెనుక వేళ్లను ఒక్కొక్కటిగా బయటికి తీయాలి. ఆలస్యమైతే పాదం లావెక్కి రింగు ఎక్కదు. మరీ తొందరపడితే ఊడి పొట్టులో పడిపోతుంది.

గుడ్ల దశలోనే మార్చదలిస్తే పని ఇంకా తేలిక. ప్రతి గుడ్డు మీద పెట్టిన తేదీ, గూటి సంఖ్య మెత్తని పెన్సిలుతో ఒత్తకుండా రాయండి. పొదగడం మొదలైన ఆరేడు రోజులకు చీకట్లో సన్నని టార్చి ఆనించి చూస్తే ఎర్రని సన్ననరాలు కనిపిస్తాయి. అలా పిల్ల కట్టిన గుడ్లలో, రెండు గూళ్ల మధ్య ఒకటి రెండు రోజుల తేడా ఉన్నవాటినే మార్చండి. ఆ గుడ్డు ఏ రోజు పిల్ల అవుతుందో లెక్క మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి, ఆ రోజు గూట్లో పుట్టినది ఏదో తడబడనక్కరలేదు.

ప్రశ్న: పెద్ద పంజరంలో పది జంటలు కలిపి ఉంచాను, కుండలు వేలాడదీశాను. ఏడు పిల్లలున్న కుండ నుంచి ఒకదాన్ని మూడు పిల్లలున్న మరో కుండలోకి మార్చాను. రెండోరోజు దాని తల మీద గాయాలు కనిపించాయి, ఆ తరువాత చనిపోయింది. దత్తు తల్లే పొడిచిందా? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: ఆ మూడు పిల్లలకు ఎన్ని రోజుల వయసో మీరు రాయలేదు, జవాబు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంది. సొంత పిల్లలకు నాలుగు వారాలు నిండి అవి గూడు దిగబోతున్నాయంటే, పెట్ట మనసు అప్పటికే తరువాతి గుడ్ల మీదకు వెళ్లి ఉంటుంది. అలాంటి పెట్ట తన పిల్లల ఈకలే పీకుతుంది, పరాయి పిల్లను సాకమంటే ఎలా సాకుతుంది? గూట్లో కొత్త గుడ్డు కనిపించిన పెట్టకు పిల్లను ఎప్పుడూ ఇవ్వకండి.

వయసులు సరిపోయి కూడా ఇలా జరిగి ఉంటే, అది వేరే పెట్ట పని కావచ్చు. కలిపి ఉంచిన పంజరంలో గూడు కోసం పెట్టల మధ్య తగవులు తప్పవు, తల్లి బయటికి వచ్చిన క్షణంలో మరొకటి కుండలో దూరి పిల్లలను పొడిచేస్తుంది. మీరు పిల్లను మార్చడానికి కుండలు కదిలించినప్పుడు పుట్టిన అలజడి దానికి తోడై ఉంటుంది. పిల్లలను మార్చుతూ పెంచాలనుకునేవారు జంటకొక చిన్న పంజరం ఇవ్వడమే సరైన దారి. కనీసం పై మూత తీసి చూడగలిగే కుండలు, జంటల కంటే ఎక్కువ సంఖ్యలో, అన్నీ ఒకే ఎత్తులో కట్టండి, పై కుండ కోసమే తగవులు ఎక్కువ. కుండ అడుగు నున్నగా ఉంటే పిల్లల కాళ్లు రెండువైపులా చీలిపోతాయి కాబట్టి రెండు అంగుళాల మందాన శుభ్రమైన రంపపు పొట్టు పరచండి.

ఇంకొక జాగ్రత్త. కారణం తెలియకుండా పిల్లలు చనిపోతున్న గూటి నుంచి ఏ పిల్లనూ బయటికి తీయకండి. పాలియోమా వైరస్ సోకిన గూళ్లలో ఈకలు వచ్చే వయసుదాకా బాగానే ఉన్న పిల్లలు పొట్ట ఉబ్బి హఠాత్తుగా చనిపోతాయి. అలాంటి గూటి పిల్లను దత్తు ఇస్తే జబ్బును పది జంటలకూ పంచినట్టవుతుంది. ముందు పశువైద్యుణ్ణి సంప్రదించండి.

ప్రశ్న: మా మిద్దె మీద పావురాలు ఉన్నాయి, అవి కూడా పిల్లలకు పాలు పడతాయి కదా. బడ్జీ పిల్లలను వాటి కింద పెట్టవచ్చా? (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: పెట్టకూడదు. పావురం పిల్ల తన ముక్కును తల్లి నోట్లోకి దూర్చి పాలు తాగుతుంది, బడ్జీ పిల్ల నోరు పైకెత్తితే తల్లే దాని ముక్కు పట్టుకుని పోయాలి. రెండింటి పద్ధతీ వేరు, ఒంటి పరిమాణమూ వేరు. ఆ పిల్ల ఆకలితోనో బరువు కింద నలిగో పోతుంది.

ప్రశ్న: నా దగ్గర ఒక్క జంటే ఉంది. ఆరు పిల్లలు ఉన్నాయి, ఏడో గుడ్డు కూడా పగలబోతోంది. దత్తు ఇవ్వడానికి మరో జంట లేదు. నేనేం చేయాలి? ఇకముందు ఇలా కాకుండా ఏం చూసుకోవాలి? (ఒక పాఠకురాలు, నిజామాబాద్)

జవాబు: మీ ఊళ్లో బడ్జీలను పెంచే నమ్మకస్తులెవరైనా ఉంటే, వారి పక్షులు ఆరోగ్యంగా ఉన్నాయని కళ్లారా చూసుకుని, సరిపోయే వయసు పిల్లలున్న గూటికి రెండు పెద్దపిల్లలను ఇచ్చి రావచ్చు. అది కుదరకపోతే చేతిమేత ఒక్కటే దారి. అప్పుడు కూడా చిన్నవాటిని కాక పెద్దవాటినే తీసుకోండి. మూడు వారాలు నిండిన పిల్లకు చేతితో పెట్టడం అలవాటు లేనివారికీ సాధ్యమే, అప్పుడే పుట్టినదానికి పెట్టడం మాత్రం ఎంతో అనుభవమున్నవారికీ కష్టమే. పక్షిపిల్లల కోసం అమ్మే మేతపొడిని గోరువెచ్చని నీటిలో జావలా కలిపి, 39, 40 డిగ్రీల వేడిలో చిన్న చెంచాతో పెట్టండి. వేడి ఎక్కువైతే మేతసంచి లోపల కాలుతుంది, చల్లగా ఉంటే అరగక అక్కడే పులుస్తుంది. అందుకే మణికట్టు మీద చుక్క వేసి చూడటంతో సరిపెట్టకుండా థర్మామీటరు వాడండి. మేతసంచి దాదాపు ఖాళీ అయ్యాకే మళ్లీ పెట్టాలి. పగలు ఒక్కొక్క పూట మీరు పెట్టి, రాత్రికి తల్లి దగ్గరే వదిలినా చాలా జంటలు అభ్యంతరపెట్టవు. దీనివల్ల తల్లికి భారం తగ్గి, ఏడో పిల్లకు పాలు అందుతాయి.

ఇకముందు సంగతికి వస్తే, దత్తు అనేది పిల్లలు ఎక్కువైన రోజున మొదలుపెట్టే పని కాదు, గూళ్లు కట్టిన రోజునే మొదలయ్యే పని. ఏడాది నిండిన రెండు, మూడు జంటలను తెచ్చుకుని, అన్నిటికీ గూళ్లు ఒకే రోజున కట్టండి. అప్పుడు గుడ్లూ పిల్లలూ కొన్ని రోజుల తేడాలో వస్తాయి, ఒక గూట్లో ఎక్కువైనవి మరో గూట్లో సర్దుకుంటాయి. వానలు తగ్గిన తరువాత అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ప్రాంతంలో దీనికి అనువైన కాలం. మార్చి నెలాఖరుకు గూళ్లు విప్పేయండి, మీ నిజామాబాద్ ఎండలకు గూట్లో ఉన్న పిల్లలు ఉడికిపోతాయి. రెండు విడతలు పిల్లలను లేపిన పెట్టకు కొన్ని నెలల విశ్రాంతి ఇవ్వండి. ప్రస్తుతానికి మీ ఏడో గుడ్డు పగిలిన రోజున పెద్దపిల్లల్లో రెండింటిని చిన్న అట్టపెట్టెలో మెత్తని గుడ్డ మీద ఉంచి, పగటిమేత మీరే మొదలుపెట్టండి. సాయంత్రం ఏడో పిల్ల మెడ కింద తెల్లని పాలచుక్క కనిపిస్తున్నదో లేదో చూసి, అవసరమైతే మళ్లీ రాయండి.